తిండి తగ్గించే ముందు మందుల చీటీ తీయండి: డాక్టరు పర్యవేక్షణలో బరువు తగ్గడం ఎలా?

నేను ఒక క్లినిక్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. బరువు తగ్గాలని వచ్చేవారు కుర్చీలో కూర్చోగానే అడిగే మొదటి మాట, "అన్నం మానేయమంటారా మేడమ్?" దానికి నేను జవాబు చెప్పను. "ఇప్పుడు ఏయే మాత్రలు వేసుకుంటున్నారు?" అని ఎదురు ప్రశ్న వేస్తాను.

ఎందుకంటే, యాభై దాటిన ఒక పెద్దాయన షుగరు ఉండి కూడా ఎవరో చెప్పారని రాత్రి భోజనం పూర్తిగా మానేశారు. చక్కెర తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్రను మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నారు. మూడో రోజు తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి, పిలిచినా పలకని స్థితిలో ఉన్న ఆయనను భార్య చూశారు. ఆస్పత్రికి చేర్చేసరికి రక్తంలో చక్కెర 38కి పడిపోయి ఉంది. ఆయన కోలుకున్నారు. ఆయన పట్టుదలలో లోపమేమీ లేదు. తిండి తగ్గింది, మందు తగ్గలేదు. ఈ రెండూ కలిసి కదలాలి. కింద రాసినదంతా ఆ ఒక్క జాగ్రత్త చుట్టూ అల్లినదే.

ముందుగా, ఎవరు ఆగాలి?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్లలోపు పిల్లలు, తిన్నది కావాలని కక్కేసే అలవాటు ఉన్నవారు ఈ పద్ధతిని సొంతంగా మొదలుపెట్టకూడదు. ఏ ప్రయత్నమూ చేయకుండానే ఈమధ్య బరువు తగ్గుతూ ఉంటే సంతోషపడకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. అదుపులో లేని షుగరు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, క్షయ వంటివి అలాగే బయటపడతాయి.

కావలసినవి

- బరువు తూచే యంత్రం. ఇంట్లో లేకపోతే మందుల దుకాణంలోదైనా సరే, ఎప్పుడూ అదే యంత్రం వాడండి.
- దర్జీలు వాడే టేపు.
- వంటింటి కాటా, లేదా ఎప్పుడూ ఒకటే గ్లాసు, ఒకటే చెంచా.
- షుగరు మందులు వాడుతుంటే గ్లూకోమీటరు. బీపీ మందులు వాడుతుంటే బీపీ యంత్రం.
- ఒక నోటు పుస్తకం.
- ఇంట్లో ఉన్న మందుల చీటీలన్నీ, గత ఆరు నెలల రక్తపరీక్షల కాగితాలు. ఆయుర్వేదం, హోమియో, "బరువు తగ్గించే పొడి" అంటూ ఎవరో ఇచ్చిన డబ్బాలు కూడా ఇందులోకే వస్తాయి.

1. మొదటి వారం ఏమీ తగ్గించకండి, రాయండి

ఎప్పుడూ తినేదే తినండి. తిన్న ప్రతిదీ రాయండి. టీలో ఎన్ని చెంచాల చక్కెర వేశారు, వంట చేస్తూ రుచి చూసినదెంత, పిల్లల కంచంలో మిగిలింది పారేయడం ఇష్టంలేక తిన్నదెంత, అంతా. అమ్మల పుస్తకాల్లో ఈ చివరి లెక్క చూసినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. తన కంచంలో తక్కువే వడ్డించుకున్నానని ఆమె నిజాయితీగానే చెబుతుంది. మిగిలిపోయిన అన్నం వృథా కాకూడదని తిన్నది ఆమె లెక్కలోకి రాదు. రాస్తేనే కనబడుతుంది.

నెలకు ఇంట్లోకి ఎన్ని లీటర్ల నూనె వస్తుందో కూడా అదే పుస్తకంలో రాయండి. దాని అవసరం ఆరో మెట్టులో వస్తుంది.

2. కొలతలు తీసుకోండి

బరువు: ఉదయం లేచి, కాలకృత్యాలు ముగించుకుని, ఏమీ తినకముందు, తేలికపాటి బట్టలతో తూచుకోండి. వారానికి ఒక్కసారి చాలు.

బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె): బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించండి. 1.60 మీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు ఉంటే బీఎంఐ 30.5 వస్తుంది. మన దేశంలో డాక్టర్లు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు. విదేశీ పట్టికల్లో కనిపించే 25, 30 అంకెలు మనకు సరిపోవు. తక్కువ బరువులోనే మనవారికి పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగరు వస్తుంది.

నడుము: టేపును ప్యాంటు లేదా చీర కట్టుకునే చోట పెట్టకండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. పొట్ట లోపలికి లాగి కొలిస్తే ఆ అంకె దేనికీ పనికిరాదు.

3. చీటీలన్నీ పట్టుకుని డాక్టరును కలవండి

ఈ మెట్టును దాటవేయాలని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి దాటవేయకండి. పెద్ద ఆస్పత్రికే వెళ్లాలని లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, హైదరాబాదులో అయితే బస్తీ దవాఖానాలోనో బీపీ, షుగరు పరీక్షలు ఉచితంగా చేస్తారు.

సాధారణంగా రాసే పరీక్షలు: పరగడుపు షుగరు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, కాలేయ పరీక్ష, హిమోగ్లోబిన్. షుగరుకు మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడుతుంటే విటమిన్ బీ12 కూడా చూడమని అడగండి. గట్టిగా గురకపెడుతూ, పగలు కునుకుపాట్లు పడుతుంటే అదీ చెప్పండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందేమో చూస్తారు.

ఇక మందుల సంగతి. డాక్టరు ముందు చీటీ పెట్టి, "నేను తిండి తగ్గించబోతున్నాను, వీటిలో ఏవి మార్చాలి?" అని సూటిగా అడగండి. ముఖ్యంగా ఇవి:

- ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్: అన్నం తగ్గితే వీటివల్ల చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. తిండి తగ్గించే రోజునుంచే మోతాదు ఎంతో రాయించుకోండి.
- డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్: ఇవీ షుగరు మందులే. వీటిని వాడుతూ అన్నం, రొట్టె పూర్తిగా మానేసి కొవ్వు మీదే బతికే పద్ధతుల్లోకి వెళితే రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. గ్లూకోమీటరులో అంకె మరీ ఎక్కువగా లేకపోయినా ఇది జరగవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే అత్యవసర విభాగానికి వెళ్లండి.
- బీపీ మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ వచ్చేలా చేసేవి: బరువుతోపాటు బీపీ కూడా దిగుతుంది. కూర్చుని లేచినప్పుడు కళ్లు తిరిగితే బీపీ చూసి డాక్టరుకు ఫోను చేయండి.
- వార్ఫరిన్, అసినోకౌమరాల్: రక్తం గడ్డకట్టకుండా వాడే ఈ మందులు వేసుకునేవారు ఒక్కసారిగా ఆకుకూరలు పెంచితే మందు ప్రభావం తగ్గుతుంది. పెంచవచ్చు, కానీ చెప్పి పెంచాలి, రోజూ ఒకే మోతాదులో తినాలి.
- థైరాక్సిన్ (థైరాయిడ్ తక్కువగా పనిచేసేవారు వేసుకునే మాత్ర): పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట ఆగండి. బాగా బరువు తగ్గాక టీఎస్‌హెచ్ మళ్లీ చూపించుకోవాలి.

స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, మూర్ఛకు వాడే వాల్‌ప్రొయేట్ వంటివి బరువు పెంచుతాయి. ఈ సంగతి తెలిసి చాలామంది వాటిని సొంతంగా ఆపేస్తున్నారు. అలా ఎన్నడూ చేయకండి. ప్రత్యామ్నాయం ఉందేమో అడగండి.

చక్కెర పడిపోయినప్పుడు ఏం చేయాలో ఇంట్లో అందరికీ నేర్పండి. చెమట, వణుకు, గుండెదడ, తికమక కనిపించి గ్లూకోమీటరులో 70 కన్నా తక్కువ వస్తే, మూడు టీచెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వాలి. గ్లూకోజు లేకపోతే చక్కెర నీళ్లు ఇవ్వవచ్చు. అయితే వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ కలిసిన మాత్రలు వాడేవారిలో మామూలు చక్కెర త్వరగా పనిచేయదు, ఎందుకంటే చక్కెర విడిపోకుండా ఆపడమే ఆ మందుల పని. వారి ఇంట్లో గ్లూకోజు పొడి డబ్బా తప్పనిసరి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోను చేయండి.

4. లక్ష్యాన్ని చిన్నదిగా పెట్టుకోండి

ఆరు నెలల్లో ఇప్పటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలు. 78 కిలోలవారికి అది సుమారు 4 నుంచి 8 కిలోలు. ఆ మాత్రానికే బీపీ, షుగరు, కాలేయంలోని కొవ్వు మెరుగుపడతాయి. వారానికి అరకిలో నుంచి కిలో వరకు తగ్గడం మంచి వేగం. వారాల తరబడి వారానికి కిలోన్నరకు మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది, కండ కరుగుతుంది, రెండు మూడు నెలల తర్వాత జుట్టు కుచ్చులుగా ఊడుతుంది.

పెళ్లికి ఇంకా నెలే ఉంది, పది కిలోలు తగ్గించండని వచ్చే అమ్మాయిలకు నేను ఒప్పుకోను. వారి కన్నీళ్లు చూసి బాధ కలుగుతుంది, అయినా ఒప్పుకోను.

5. అన్నాన్ని ఒక్కసారే వడ్డించుకోండి

మన భోజనంలో అన్నం ఒక్కసారి పెట్టుకునేది కాదు. పప్పులోకి కొంత, కూరలోకి కొంత, చారులోకి కొంత, చివర పెరుగులోకి కొంత. ప్రతిసారీ "కొంచెమే" కాబట్టి ఎంత తిన్నామో తెలియదు. కాబట్టి:

అ) తినబోయే అన్నమంతా ముందే ఒక కప్పులో కొలిచి పెట్టుకోండి. పప్పులోకైనా పెరుగులోకైనా అందులోంచే.

ఆ) చారును గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగన్నానికి బదులు పెరుగును విడిగా గానీ, ఉప్పు తక్కువ వేసిన మజ్జిగగా గానీ తీసుకోండి. అన్నం వడ్డనల్లో రెండు ఇక్కడే తగ్గిపోతాయి.

ఇ) కంచంలో సగం కూరగాయలు, పావువంతు పప్పు లేదా గుడ్డు, చేప, చికెన్, మిగిలిన పావువంతు అన్నం లేదా రొట్టె. బంగాళాదుంప, చేమదుంప, కంద అన్నం పక్షంలోకే వస్తాయి.

ఈ) కూరను ముందు తినండి, అన్నం తర్వాత.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు 2000 క్యాలరీల ఆహారానికి రోజుకు 250 గ్రాముల ధాన్యం, 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పులు లేదా మాంసాహారం అని చెబుతున్నాయి. ధాన్యం బరువు వండకముందుది, ఇడ్లీ పిండీ ఉప్మా రవ్వా కలుపుకుని. బరువు తగ్గాలనుకునే చాలామందికి నేను ధాన్యాన్ని 150 గ్రాముల దగ్గర మొదలుపెడతాను. ఇది అందరికీ సరిపోయే అంకె కాదు. ఎండలో పనిచేసే కూలీకి ఇది చాలదు. మీ అంకె మీ డైటీషియన్ చెప్పాలి.

మాంసకృత్తులు తగ్గకూడదు. కిలో బరువుకు రోజుకు ఒక గ్రాము దగ్గర్లో ఉండాలి. గుడ్డులో సుమారు 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో 7 వరకు, 30 గ్రాముల మీల్‌మేకర్‌లో 15 వరకు ఉంటాయి. శాకాహారులు ఉదయం ఉప్మాకు బదులు పెసరట్టు వేసుకుంటే మంచి ఆరంభం (లోపల ఉప్మా పెట్టకుండా). మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఈ అంకెలను పాటించకండి. వారికి మాంసకృత్తులు, పొటాషియం ఎంతో డాక్టరే నిర్ణయించాలి.

ఉపవాసాలు ఉండేవారు షుగరు మందుల సమయాలను ముందే అడిగి మార్చుకోవాలి. రంజాన్ ఉపవాసాలకు నెలన్నర ముందే డాక్టరును కలవడం మంచిది. ఉపవాసం పేరుతో సగ్గుబియ్యం, వేయించిన అటుకులు తింటే మామూలు భోజనం కన్నా ఎక్కువ క్యాలరీలే వస్తాయి.

6. నూనెను సీసాతో కాదు, చెంచాతో పోయండి

ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 క్యాలరీలు. అవే క్యాలరీలు రావాలంటే రెండు ఇడ్లీలు తినాలి. అదే పోషకాహార సంస్థ చెప్పిన పరిమితి మనిషికి రోజుకు 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి ఇది నెలకు మూడున్నర లీటర్లు. మీ నోటు పుస్తకంలో రాసిన అంకె చూడండి. అయిదు లీటర్ల డబ్బా నెలలో అయిపోతుంటే కారణం అక్కడే దొరికింది, అన్నాన్ని తప్పుపట్టకండి.

నెల మొదట్లో ఆ నెల నూనెను ఒక డబ్బాలో విడిగా పోసి పెట్టుకోండి. వంకాయ, బెండకాయ వేపుళ్లను వారానికి ఒకటికి తగ్గించి, మిగతా రోజుల్లో పులుసు, పప్పుకూర, ఆవిరికూర చేయండి. పల్లీ చట్నీని కూడా కొలవండి. వంద గ్రాముల పల్లీల్లో 550కి పైగా క్యాలరీలు ఉంటాయి. ఆవకాయను మానమని చెప్పను. ఒక చిన్న ముక్క చాలు, పైన తేలే నూనె వద్దు. బీపీ ఉంటే ఉప్పు కోసమైనా రోజూ వద్దు.

7. నడవండి, బరువులూ ఎత్తండి

వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే వేగం. ఒక్కసారి కుదరకపోతే భోజనం తర్వాత పదేసి నిమిషాలు మూడుసార్లు నడవండి. షుగరు ఉన్నవారికి ఇదే మెరుగు.

నడక ఒక్కటే చాలదు. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, నీళ్ల సీసాలు ఎత్తడం చేయండి. మోకాళ్ల నొప్పులుంటే ఎత్తైన కుర్చీ వాడండి. గుండె జబ్బు ఉన్నా, నడుస్తుంటే ఛాతీ పట్టేసినట్టున్నా డాక్టరు చెప్పేవరకు మొదలుపెట్టవద్దు. పాదాల్లో స్పర్శ తగ్గినవారు వట్టికాళ్లతో నడవకండి.

8. నిద్ర, మద్యం

ఏడు గంటల నిద్ర లేనివారికి ఆకలి ఎక్కువ వేస్తుంది. మద్యం గ్రాముకు ఏడు క్యాలరీలు, పక్కన తినే వేపుళ్లు వేరే. ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ వాడేవారు ఖాళీ కడుపుతో తాగితే చక్కెర పడిపోతుంది.

9. బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి అడిగేవారికి

టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో 2025 మార్చిలో, సెమాగ్లుటైడ్ వెగోవీ పేరుతో అదే ఏడాది జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. అప్పటినుంచి నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. ఇవి పనిచేస్తాయి. వారానికి ఒక సూది, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెలకోసారి చూసి పెంచుతారు. వికారం, వాంతులు, మలబద్ధకం సాధారణం.

కుటుంబంలో ఎవరికైనా మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే ఇవి పనికిరావు. క్లోమం వాపు వచ్చినవారు ఆ సంగతి ముందే చెప్పాలి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారికీ వద్దు. సెమాగ్లుటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వల్ల గర్భనిరోధక మాత్రల ప్రభావం తగ్గవచ్చు. ఏదైనా ఆపరేషన్‌కు మత్తు ఇచ్చే ముందు ఈ సూది వాడుతున్నట్టు తప్పక చెప్పండి. తీవ్రమైన కడుపునొప్పి వీపులోకి పాకితే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

స్నేహితురాలి దగ్గర మిగిలిన సూది వేసుకోకండి. ఇంటర్నెట్‌లో చవగ్గా దొరికినది కొనకండి. ఇంకొక మాట: సూది ఆపేస్తే పోయిన బరువులో ఎక్కువ భాగం ఏడాదిలో తిరిగి వస్తుందని పరిశోధనల్లో తేలింది. కాబట్టి ఎంతకాలం వాడాలి, ఆ ఖర్చు భరించగలరా అన్నది మొదలుపెట్టే రోజునే డాక్టరుతో మాట్లాడండి. బీఎంఐ 35 దాటినా, 30 దాటి షుగరు వంటి జబ్బులున్నా బరువు తగ్గించే ఆపరేషన్ గురించి కూడా అడగవచ్చు. అది సిగ్గుపడవలసిన విషయం కాదు.

తరచూ జరిగే పొరపాట్లు

*కొర్రలు, జొన్నలు ఎంతైనా తినవచ్చనుకోవడం.* పీచు ఎక్కువే, మంచివే. కానీ గ్రాముకు గ్రాము క్యాలరీలు బియ్యంతో దాదాపు సమానం. వాటినీ కొలవాలి.

*మొదటి రెండు వారాల వేగాన్ని నమ్మడం.* ముందు పోయేది ఎక్కువగా నీరే. మూడో వారం నెమ్మదించగానే "నాకు పనిచేయడంలేదు" అని వదిలేసేవారిని ఎందరినో చూశాను. ఆ తర్వాత తగ్గేదాంట్లో ఎక్కువ భాగం కొవ్వే.

*రోజూ తూచుకుని బెంగపడటం.* ఉప్పు, మలబద్ధకం, నెలసరి వల్ల ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది.

*ఆదివారం లెక్క రాయకపోవడం.* ఆరు రోజుల శ్రమను ఒక బిర్యానీ, ఒక కూల్‌డ్రింకు, రాత్రి మిగిలిన స్వీటు చాలావరకు తుడిచేస్తాయి. తినండి, కానీ రాయండి.

*ఒక్కరికే వేరే వంట.* ఇంటిల్లిపాదికీ అదే కూర వండితేనే నిలుస్తుంది. అత్తగారు "ఇంకొంచెం పెట్టుకోమ్మా" అన్నప్పుడు కూర పెట్టుకోండి, అన్నం కాదు.

సరైన దారిలో ఉన్నారా? ఇలా చూసుకోండి

రెండో వారం: షుగరు, బీపీ అంకెలు రాసిన పుస్తకంతో డాక్టరును కలవండి. మందులు మార్చవలసి వస్తే ఇప్పుడే ఎక్కువగా వస్తుంది.

నాలుగో వారం: బరువు రెండు కిలోల దాకా, నడుము ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గి ఉండాలి. బరువు కదలకుండా నడుము తగ్గితే అది మంచి సూచనే. రెండూ కదలకపోతే తిండిని ఇంకా కోసేయకండి. ముందు నూనె డబ్బా, టీలో చక్కెర, పిల్లల కంచం చూడండి. మూడు రోజులు మళ్లీ ప్రతిదీ తూచి రాయండి.

మూడో నెల: హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, అవసరమైతే కాలేయ పరీక్ష మళ్లీ చేయించండి. కుర్చీ పరీక్ష కూడా చేయండి. చేతులు ఆనించకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలుగుతున్నారో లెక్కపెట్టండి. మొదటి రోజే ఇలా లెక్కపెట్టి రాసుకున్న సంఖ్య కన్నా ఇది తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా పోతోందని అనుమానించాలి. మాంసకృత్తులు, వ్యాయామం పెంచే విషయం డైటీషియన్‌తో మాట్లాడండి.

ఆరో నెల: 5 శాతం కూడా తగ్గకపోతే అది మీ క్రమశిక్షణ లోపమని కుంగిపోకండి. మందో, ఇంకో పద్ధతో కావాలేమో డాక్టరును అడిగే సమయం అది. తగ్గితే, ఆ రోజు కొత్త మందుల చీటీ రాయించుకుని, పాతది అడ్డంగా కొట్టేసి తేదీ వేయండి. పాత మోతాదు మాత్రలు పెట్టెలో మిగిలి ఉంటే తీసేయండి, ఇంట్లో ఇంకొకరు పొరపాటున అవే అందించకుండా.